గుండెపోటు: వైద్యం ఒకటే, స్త్రీలకు ఫలితం ఎందుకు వేరు?

గుండెపోటు అనగానే మన కళ్ళ ముందు కనిపించేది ఒక మగమనిషి. యాభై ఏళ్ళ వయసు, సిగరెట్టు అలవాటు, కొంచెం బొజ్జ. ఛాతీ గట్టిగా పట్టుకుని కూలబడిపోతాడు. సినిమాల్లోనూ ఇదే చూపిస్తారు, గోడల మీద అంటించే ఆరోగ్య ప్రచార బొమ్మల్లోనూ ఇదే ఉంటుంది. అందువల్ల ఇంట్లో అమ్మకో, అత్తమ్మకో, అక్కకో ఛాతీలో బరువుగా ఉందంటే మనకు గుండె గుర్తుకు రాదు. గ్యాస్ గుర్తుకు వస్తుంది.

ఈ సంచికలో మా పాఠకులకు ఒక ముఖ్యమైన విషయం చెప్పదలచుకున్నాము. గుండెపోటు వచ్చి ఆసుపత్రికి చేరిన తరువాత కూడా స్త్రీలు, పురుషులు ఒకే విధంగా కోలుకోవడం లేదు. స్త్రీలలో మరణాలు ఎక్కువ, తరువాత వచ్చే చిక్కులూ ఎక్కువ. ఈ తేడాలో కొంత వయసు వల్ల, ఇతర జబ్బుల వల్ల వచ్చేది. మరి కొంత మాత్రం మన ఆలస్యం వల్ల, మన అలవాట్ల వల్ల వచ్చేది. ఈ రెండోదాన్ని మనం తగ్గించుకోగలము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ ఉన్న ప్రతి కుటుంబం దీన్ని చదవాలని, చదువురాని వారికి చదివి వినిపించాలని కోరుతున్నాము.

గుండెపోటు అంటే ఏమిటి?

గుండె అందరికీ రక్తం పంపిస్తుంది గాని, దానికీ రక్తం కావాలి. ఆ రక్తాన్ని తెచ్చే నాళాలను కరోనరీ ధమనులు అంటారు. ఏళ్ళ తరబడి వీటి గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. ఆ నాళం మీద ఆధారపడిన గుండె కండరం అప్పటినుంచి కొంచెం కొంచెంగా చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండరం మళ్ళీ పుట్టదు.

అందుకని అత్యవసర వైద్యం అంతా ఒక్క పనికోసమే: మూసుకుపోయిన దారిని వీలైనంత త్వరగా తెరవడం. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, గడ్డను కరిగించే ఇంజెక్షన్. స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టిప్లేజ్ అనేవి ఇందులో ముఖ్యమైనవి. రెండు, చేతి దగ్గరో తొడ దగ్గరో నాళంలోంచి సన్నని గొట్టం పంపి, బెలూనుతో దారి తెరిచి స్టెంట్ పెట్టడం. దీన్నే యాంజియోప్లాస్టీ అంటాము.

1986లో ఇటలీలో దాదాపు 12,000 మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో, నొప్పి మొదలైన మొదటి గంటలోనే స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గంటలు గడిచేకొద్దీ ఆ మేలు తగ్గిపోయింది. ఇంజెక్షన్ అదే, మోతాదు అదే, కాని ఆలస్యంగా వచ్చినవారికి దక్కింది కొంచెమే. స్త్రీల విషయంలో జరుగుతున్న నష్టం అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

అమెరికాలో 1994 నుంచి 1998 వరకు గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరిన 3,84,878 మంది వివరాలను పరిశీలించి 1999లో ప్రచురించారు. ఆసుపత్రిలో ఉండగానే చనిపోయినవారు పురుషుల్లో నూటికి 11.5 మంది, స్త్రీలలో 16.7 మంది. స్త్రీలకు గుండెపోటు పెద్ద వయసులో వస్తుంది కాబట్టి ఇలా ఉంటుందిలే అనుకోవచ్చు. కాని యాభై ఏళ్ళలోపు వారిని విడిగా చూస్తే తేడా ఇంకా పెరిగింది. ఆ వయసు స్త్రీలలో మరణాల శాతం అదే వయసు పురుషులకంటే రెట్టింపుకు పైగా ఉంది. అంటే వయసు ఒక్కటే కారణం కాదన్నమాట.

మన దేశంలో 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో 20,937 మంది గుండె రోగుల వివరాలు సేకరించి 2008లో ప్రచురించారు. అందులో రెండు సంగతులు మమ్మల్ని ఆలోచింపజేశాయి. మొదటిది, రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన పెద్ద గుండెపోటు వచ్చినవారిలో సగం మంది ఆసుపత్రికి చేరేసరికి ఆరు గంటలు, అంతకు మించి గడిచిపోయాయి. రెండవది, ఆ రోగులందరిలో స్త్రీలు నలుగురిలో ఒకరికన్నా తక్కువ. గుండె జబ్బు పురుషుల్లో ముందుగా వస్తుందన్నది నిజమే. అయినా ఆసుపత్రి గడప దాకా రాకుండానే ఇంట్లోనో, దారిలోనో పోయిన స్త్రీలు ఏ ఆసుపత్రి లెక్కలోకీ రారన్న సంగతి మరువకూడదు.

పల్లెల్లో ఈ జబ్బు లేదనుకోవడమూ పొరపాటే. ఉమ్మడి రాష్ట్రంలోని గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003–04లో సంభవించిన మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్ళి విచారించారు. ప్రతి మూడు మరణాల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల వచ్చినదే.

ఈ తేడాకు కారణాలు

మొదటి కారణం వయసు, తోడున్న జబ్బులు. 2004లో వెలువడిన 52 దేశాల అధ్యయనంలో స్త్రీలకు మొదటి గుండెపోటు పురుషులకంటే దాదాపు తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వస్తుందని తేలింది. అప్పటికి షుగరు, బీపీ, కిడ్నీ బలహీనత కూడా చేరి ఉంటాయి. షుగరు ఉన్న స్త్రీకి ఈ తొమ్మిదేళ్ళ రక్షణ కూడా చాలావరకు పోతుంది.

రెండవది, లక్షణాలు. స్త్రీలకు ఛాతీ నొప్పి రాదని కొందరు చెబుతుంటారు. అది సరికాదు. 55 ఏళ్ళలోపు రోగులపై జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో స్త్రీలలో నూటికి 87 మందికి, పురుషుల్లో దాదాపు 90 మందికి ఛాతీలో నొప్పో, బరువో, బిగుతో ఉంది. తేడా ఎక్కడంటే, స్త్రీలకు దానితోపాటు ఆయాసం, వికారం, దవడ నొప్పి, రెండు భుజాల మధ్య వీపు నొప్పి, విపరీతమైన నీరసం వంటివి ఎక్కువగా ఉంటాయి. ఇన్ని చెప్పేసరికి అసలుది వెనక్కు పోతుంది. ఇక పెద్ద వయసు వారిలో, షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావడం కూడా ఉన్నదే.

మూడవది, వైద్యులు, వైద్య సిబ్బంది కూడా గుర్తించకపోవడం. పైన చెప్పిన అధ్యయనంలోనే, ఆసుపత్రిలో చేరకముందు ఎవరో ఒక వైద్యునికి చూపించుకున్న స్త్రీలలో సగానికి పైగా (నూటికి 53 మంది) తమ బాధ గుండెది కాదని వైద్యుడు అనుకున్నాడని చెప్పారు. పురుషుల్లో ఆ మాట చెప్పినవారు 37 మంది. కాబట్టి ఈ పాఠం ఇళ్ళకు మాత్రమే కాదు, తెల్లకోటు వేసుకున్న మాకు కూడా.

నాలుగవది, రక్తస్రావం. స్త్రీల శరీర బరువు తక్కువ, నాళాలు సన్నం. గడ్డను కరిగించే మందులు, రక్తం పలుచన చేసే మందులు ఇచ్చినప్పుడు రక్తస్రావం, మెదడులో రక్తస్రావంతో సహా, స్త్రీలలో కొంత ఎక్కువ. అందుకే బరువును బట్టి, కిడ్నీ పనితీరును బట్టి మోతాదు సరిచూడాలి. ఈ భయంతో మందే ఇవ్వకపోవడం మాత్రం తప్పు.

ఐదవది, ఇంటి సంగతులు. ఇది మా ప్రాంతం వారందరికీ తెలిసినదే గనుక కొంచెం వివరంగా రాస్తాము.

"గ్యాస్ పట్టింది" అనే మాట

వరినాట్లకు, కలుపుతీతకు వంగి పనిచేసే స్త్రీకి వీపు నొప్పి, భుజం నొప్పి కొత్తవి కావు. రోజూ ఉండే నొప్పిలో ఈరోజు వచ్చినది వేరని ఆమెకే తోచదు. తోచినా పిల్లల బడి, పొయ్యి మీద కూర, పశువులు, కూలికి రమ్మని పిలిచినవారికి ఇచ్చిన మాట, ఇవన్నీ ముందుకు వస్తాయి. ఒక ఈనో ప్యాకెట్టు, ఒక సోడా, జీలకర్ర నీళ్ళు అవుతాయి. సాయంత్రానికి ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షను అవుతుంది. "ఆయన వచ్చాక చెబుదాం, పొద్దున్నే పోదాం" అనుకుంటూ రాత్రి గడిచిపోతుంది.

అదే నొప్పి ఇంటి యజమానికి వస్తే? పక్కింటివారి కారు వస్తుంది, బంధువులు పోగవుతారు, అరగంటలో బయలుదేరుతారు. ఏ ఇంట్లోనూ కావాలని ఈ తేడా చూపరు. తల్లి మీద ప్రేమ లేక కాదు. "ఆమెకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది" అనే అలవాటు మాట వల్ల ఇలా జరుగుతుంది.

మరొక సంగతి. ఈసీజీ తీయాలంటే ఛాతీ మీద బట్ట తొలగించాలి. దానికి సిగ్గుపడి వద్దనే స్త్రీలు ఉన్నారు. నర్సమ్మ తీస్తుంది, తెర కడతారు, పని ఐదు నిమిషాలలో అయిపోతుంది. మీరు ఏ ఆసుపత్రికి వెళ్ళినా నర్సును పిలవమని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడవద్దు.

మన మూడు పట్టణాల సంగతి

సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ నుంచి ఇంకా ఎక్కువ, అందుకే అక్కడివారు కొందరు విజయవాడకో ఖమ్మానికో చూస్తారు. మిర్యాలగూడ నుంచి నల్లగొండ మీదుగా హైదరాబాదు చేరాలన్నా దాదాపు 150 కిలోమీటర్లు. రహదారి బాగున్నా, ఇంట్లోంచి బయలుదేరి పెద్ద ఆసుపత్రిలో బల్లమీద పడుకోబెట్టేసరికి మూడు గంటలు సులువుగా దాటుతాయి.

వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఏమిటంటే, రెండు గంటలలోపు యాంజియోప్లాస్టీ చేసే అవకాశం లేకపోతే, అభ్యంతరం లేని రోగికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ దగ్గరలోని ఆసుపత్రిలోనే వెంటనే ఇవ్వాలి. ఆ తరువాత పెద్ద ఆసుపత్రికి పంపి, మామూలుగా 2 నుంచి 24 గంటలలోపు యాంజియోగ్రాం చేయించాలి. కాబట్టి మన ప్రాంతం వారికి సూత్రం ఇది: ముందు దగ్గరలో ఈసీజీ, వీలైతే ఇంజెక్షన్, తరువాత దూరప్రయాణం. ఈసీజీ కూడా లేకుండా నేరుగా హైదరాబాదుకు కారు ఎక్కించడం వల్ల విలువైన గంటలు దారిలోనే కరిగిపోతాయి.

ఉచిత 108 అంబులెన్సు ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో ప్రారంభమైంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. డబ్బు గురించి అనుమానం ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. "ఖర్చు ఎంతవుతుందో" అని ఇంట్లోనే కూర్చుని లెక్కలు వేయవద్దు.

మందు ఆడా మగా చూడదు

ఇంతవరకు రాసింది చదివి స్త్రీలకు ఈ వైద్యం పనిచేయదేమో అని ఎవరూ అనుకోకూడదు. 1994లో తొమ్మిది పెద్ద పరిశోధనల్లోని 58,600 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, గడ్డను కరిగించే ఇంజెక్షన్ వల్ల స్త్రీలకూ పురుషులకూ మేలు కలిగింది. తేడా మందులో లేదు, అది చేరడంలో ఉంది.

దీనికి మంచి రుజువు అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రిలో దొరికింది. అక్కడ 2014లో ఒక పద్ధతి పెట్టారు. గుండెపోటు రోగి రాగానే అత్యవసర విభాగం వైద్యుడే క్యాథ్ ల్యాబ్‌ను సిద్ధం చేయించాలి. ఏమేమి చేయాలో రాసిన పట్టికను చూస్తూ ఒక్కొక్కటి గుర్తు పెట్టాలి. రోగిని ఆపకుండా ల్యాబ్‌కు తీసుకువెళ్ళాలి. రక్తస్రావం తగ్గేలా వీలైనంతవరకు చేతి నాళం నుంచే చేయాలి. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. అంతకుముందు వైద్యం అందడంలో స్త్రీలకు జరుగుతున్న ఆలస్యం పోయింది. స్త్రీలలో 30 రోజులలోపు మరణాలు నూటికి 10.7 నుంచి 6.5కు తగ్గాయి. పురుషుల్లోనూ తగ్గాయి. అందరికీ ఒకే వరస పాటించడం వల్ల అందరికీ మేలు జరిగింది, స్త్రీలకు మరింత జరిగింది.

కేరళలో 2007–2009 మధ్య 125 ఆసుపత్రుల్లో 25,748 మంది వివరాలు నమోదు చేశారు. వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక ఆసుపత్రి మరణాల్లో స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా తప్పనిసరి కాదనడానికి ఇదొక ధైర్యం.

ఇంట్లోవారు చేయవలసినవి

1. ఛాతీలో బరువు, బిగుతు, మంట, లేదా దవడ, మెడ, చేయి, వీపు, పైకడుపులో కొత్త నొప్పి. దానితో చెమట, ఆయాసం, వాంతి, కళ్ళు తిరగడం ఉంటే గుండె అనే అనుకోండి. కాదని ఈసీజీ చూసి వైద్యుడు చెప్పాలి, మనం కాదు.

2. వెంటనే 108కు ఫోను చేయండి. రోగిని నడిపించవద్దు, మెట్లు ఎక్కించవద్దు, మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావద్దు.

3. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు లేక రక్తస్రావం ఉన్నవారు, పక్షవాతం లక్షణాలు ఉన్నవారు కాకపోతే 300 లేక 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర ఒకటి నమిలించవచ్చు. అనుమానం ఉంటే 108 వారిని అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టే మాత్ర వైద్యుడు చెప్పకుండా పెట్టవద్దు. బీపీ పడిపోయే ప్రమాదం ఉంది.

4. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాయండి. వాడుతున్న మందుల చీటీలు, ఆధార్, రేషన్ కార్డు ఒక సంచిలో వేసుకోండి.

5. ఇంట్లో మగవారు లేరని ఆగవద్దు. కోడలు, కూతురు, పక్కింటావిడ ఎవరైనా ఫోను చేయవచ్చు. మన స్త్రీల సమాజాల్లో, పొదుపు సంఘాల్లో ఈ సంగతి ఒకసారి మాట్లాడుకోండి. రాత్రిపూట ఎవరి బండి దొరుకుతుందో, ఎవరు తోడు వస్తారో ముందే అనుకుని పెట్టుకోండి.

ఆసుపత్రిలో అడగవలసినవి

చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. "ఇది గుండెపోటు కావచ్చా?" అని నోరు తెరిచి అడగండి. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయాలి. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా కొన్ని గంటల తరువాత మరోసారి చేయవలసి రావచ్చు. కాబట్టి "అన్నీ నార్మలే" అనగానే తొందరపడి ఇంటికి బయలుదేరవద్దు.

గర్భవతి అయితే, ఈమధ్య కాన్పు లేక ఆపరేషను అయితే, పూర్వం పక్షవాతం వచ్చి ఉంటే తప్పక చెప్పండి. నెలసరిలో ఉన్నా చెప్పండి, సాధారణంగా దానివల్ల వైద్యం ఆపవలసిన పని ఉండదు. కాన్పు సమయంలో బీపీ పెరగడం, గుర్రపువాతం, షుగరు వచ్చిన స్త్రీలకు తరువాతి జీవితంలో గుండె జబ్బు అవకాశం ఎక్కువ. ఆ సంగతి ఎన్నేళ్ళయినా వైద్యునికి చెప్పవలసినదే.

ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి తగ్గితే పని అయిపోయిందని అనుకోవద్దు. యాంజియోగ్రాంకు పంపుతామంటే "పెద్దావిడకు ఇప్పుడు అవన్నీ ఎందుకు" అనే మాట కొన్ని కుటుంబాల్లో వినబడుతుంది. ఆమెనే అడగండి. ఆమె ప్రాణం గురించి నిర్ణయంలో మొదటి మాట ఆమెదే. ఏ ఇంజెక్షన్, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయించుకుని ఈసీజీ కాగితంతో సహా వెంట తీసుకువెళ్ళండి. స్ట్రెప్టోకైనేజ్ ఒకసారి తీసుకున్నవారికి సాధారణంగా దాన్ని మళ్ళీ వాడరు, అందుకని ఆ చీటీ జీవితాంతం దాచుకోవలసినదే.

ఇంటికి వచ్చాక

మగవారు గుండెపోటుతో ఇంటికి వస్తే మంచం మీద పళ్ళెం అందుతుంది. స్త్రీ వస్తే మూడో రోజుకు పొయ్యి దగ్గర ఉంటుంది. దయచేసి ఆమెకు విశ్రాంతి ఇవ్వండి. నీళ్ళ బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తనివ్వవద్దు. వైద్యుడు చెప్పినట్టు రోజూ కొంచెం కొంచెం నడక పెంచాలి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్రలు, బీపీ మాత్రలు బాగున్నామని ఆపకూడదు. ముఖ్యంగా స్టెంట్ వేసినవారు ఒక్కరోజు కూడా మానకూడదు. భర్త మందులు కొని తన మందులు వచ్చే నెలకు వాయిదా వేసే ఇల్లాళ్ళు ఉన్నారు. ఇద్దరివీ ఒకేసారి కొనండి. లెంటు రోజుల్లో ఉపవాసం ఉండదలచినవారు ముందు వైద్యుని అడగండి, మాత్రలు మాత్రం ఆపవద్దు. పచ్చళ్ళు, ఉప్పు తగ్గించండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకుండా, కట్టెల పొయ్యి పొగ లేకుండా చూసుకోండి. దిగులు, నిద్ర పట్టకపోవడం స్త్రీలలో ఎక్కువ కనిపిస్తాయి. వాటికీ వైద్యం ఉంది, అవి కూడా చెప్పాలి.

నలభై దాటిన ప్రతి స్త్రీ ఏడాదికి ఒకసారి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఈ పత్రిక చదవడం ముగించగానే మీ ఇంట్లోని స్త్రీలను ఒక ప్రశ్న అడగండి: "ఈమధ్య నడిచేటప్పుడు ఛాతీలో బిగుతుగా గాని, కొత్తగా ఆయాసంగా గాని ఉంటోందా?" అవునంటే రేపటిదాకా ఆగకుండా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకురండి.